పూలబండి సత్యవాణి

కుండీకీ బండి రేకుకీ మధ్య గోనెపట్టా మడిచి దోపి, మోకాలితో ఒకసారి నెట్టి చూసింది సత్యవాణి. కదల్లేదు. రెండో కుండీని దాని పక్కనే ఆనించింది. మట్టి ఒలికిపోకుండా మొదళ్ళ చుట్టూ తడి కాగితం కుక్కింది. కొమ్మలు ఒకదానికొకటి రాసుకోకుండా పురికొసతో వదులుగా కట్టింది. అన్నిటికంటే పైన అట్టపెట్టెలో బొకేలు. బెంగుళూరు నుంచి బస్సులో వచ్చిన గులాబీలూ జెర్బెరాలూ. వాటి మీద నీళ్ళు చిలకరించి పల్చటి తడిగుడ్డ కప్పింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం అక్కడ లేదు.

శ్రావణ శుక్రవారం. దానవాయిపేటలో చంద్రరావు పూలకొట్టు ముందు పొద్దు పొడవకముందే సందడి మొదలైంది. కొట్టుకొచ్చి కొనుక్కునేవాళ్ళు కొందరైతే, ఫోన్లో చెప్పి ఫలానా ఇంటికి పంపమనేవాళ్ళు అంతకంటే ఎక్కువ. హైదరాబాదులో ఉన్న అన్న చెల్లెలికి తామరపూలు, విశాఖపట్నంలో ఉన్న కోడలు అత్తగారికి గులాబీ మొక్క, పక్కవీధి నుంచి పక్కవీధికి మల్లెదండలు. కడియపులంక నర్సరీల నుంచి మొక్కల బండి వచ్చి దింపిపోయింది. చంద్రరావు చెవికొక ఫోను పెట్టుకుని, ఏది ఎక్కడికి వెళ్ళాలో కళ్ళతోనే చెబుతున్నాడు. చెడ్డవాడు కాదు. పని ఎక్కువైన రోజున గొంతు లేస్తుంది, అంతే.

"ఇవాళ మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళడం కుదరదేమో సత్యవాణీ," అన్నాడు ఒక ఫోను దించి.

"ఎల్లనండి," అంది.

సాయంత్రం కాసేపు సెలవు కావాలని అడగడానికి అదే సమయం. అడిగితే కాదనడు. ఆమె నోరు తెరవలేదు. తాళం తిప్పి, అద్దంలో వెనక్కి చూసుకుని బండిని రోడ్డెక్కించింది.

నలభై దాటిన మనిషి. పొడుగు, ఒంట్లో ఎముకలే ఎక్కువ. చిన్నప్పుడు తండ్రితో పాటు గోదాట్లో తెడ్డేసిన భుజాలు ఇప్పటికీ వెడల్పుగా ఉంటాయి. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఆమె బ్యాటరీ ఆటో నడుపుతుంటే మొదట్లో జనం ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు చూడరు. ఏ వీధి చివర ఏ గేటుందో, ఏ అపార్టుమెంటు వాచ్‌మన్ విసుక్కుంటాడో, ఏ ఇంట్లో కుక్క కట్టేసి ఉండదో ఆమెకు తెలుసు. ఆ ఇళ్ళవాళ్ళకి ఆమె పేరు తెలియదు. పూలావిడ అంటారు. వేలికొసల నిండా ముళ్ళు గుచ్చుకున్న నల్లచుక్కలు, గోళ్ళ కింద ఎప్పుడూ కాస్త మట్టి. తలుపు కొట్టడం, పంపినవాళ్ళ పేరు చెప్పడం, అందించడం, పువ్వులతో పాటు వాళ్ళని ఫొటో తీసి కొట్టుకి పంపడం, మెట్లు దిగడం. అందిందన్నదానికి ఆ ఫొటోయే సాక్ష్యం. పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ, కొత్త ఉద్యోగాలూ పోయిన ప్రాణాలూ అన్నీ ఆమె బండిలో పక్కపక్కనే కూర్చుని వెళ్ళేవి.

ఇవాళ సాయంత్రం రైలుబండికి లోవరాజు గుజరాత్ వెళ్ళిపోతున్నాడు.

లోవరాజు ఆమె మొగుడు. కాకినాడ వాడు, సముద్రం మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ హార్బర్లో బోట్ల మీదే బతికాడు. పెళ్ళయ్యాక ఆమె కాకినాడలో ఉన్నన్నాళ్ళూ అతను వేటకెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఇంట్లో ఉన్న రోజుల కంటే లేని రోజులే ఎక్కువ. అలాగే కూతురు పుట్టింది, పెరిగింది. రెండేళ్ళ కిందట బోటు యజమాని బోటు అమ్మేసుకున్నాడు. వేట కూడా అంతంతమాత్రంగానే ఉంది. అప్పుడు సత్యవాణి పట్టుబట్టి అతన్ని తన పుట్టిన ఊరు రాజమండ్రి తీసుకొచ్చింది. కోటిలింగాల రేవు వెనక సందులో ఒక గది, ఒక వసారా అద్దెకి తీసుకున్నారు. ఈ ఆటో కొన్నది అతని కోసమే. భూమ్మీద పని, పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికొచ్చే పని. అన్నం వేడిగా ఉండగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినొచ్చని ఆమె ఆశ.

అతను ప్రయత్నించలేదని అనడానికి లేదు. ఏడాది పైనే నడిపాడు. కానీ గేటు ముందు నిలబడి బెల్లు నొక్కాలంటే అతనికి చెయ్యి వచ్చేది కాదు. తుపానులో వల లాగిన చెయ్యి అది. ఒకసారి ఏదో అపార్టుమెంటులో లిఫ్టు దగ్గర బొకే పట్టుకుని నిలబడి నిలబడి, పువ్వులు తలలు వాల్చేశాక తిరిగి పట్టుకొచ్చాడు. లోపల భోంచేస్తున్నట్టున్నారు, ఎలా పిలవనండీ అన్నాడు చంద్రరావుతో. చంద్రరావు తిట్టలేక నవ్వాడు. ఆ నవ్వుకి లోవరాజు రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత ఒకరోజు తనకి ఒంట్లో బాగోలేదంటే సత్యవాణి వెళ్ళింది. ఆ రోజు మొదలు ఇక ఆమే వెళుతోంది.

అతను ఇంట్లో మిగిలిపోయాడు. వండి పెట్టేవాడు, నీళ్ళు పట్టేవాడు, అంట్లు తోమేవాడు. సిగ్గుపడలేదు. కానీ ఒకచోట ఉండేవాడు కాదు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి సందులోకి, సందులోంచి రేవు మెట్ల దగ్గరికి. మెట్ల మీద కూర్చుని ఏటిని చూసి మళ్ళీ లేచి వచ్చేసేవాడు. నేల కదలకపోతే నిద్రపట్టదే నాకు అనేవాడు నవ్వుతూనే. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది.

పోయిన వారం కాకినాడ నుంచి రాముడు ఫోను చేశాడు. గుజరాత్ బోట్ల మీదికి మనుషుల్ని పోగుచేసుకుని తీసుకెళ్ళేవాడు అతను. వేట నిషేధం అయిపోతోంది, మనిషి తగ్గాడు, వస్తావా అన్నాడు. సత్యవాణి అప్పుడు అన్నం వడ్డిస్తోంది. లోవరాజు ఆమె వైపు చూడనైనా చూడకుండా, వస్తాను అనేశాడు. ఎనిమిది నెలల మాట, అన్నంలో పప్పు కలుపుకుంటూ అనేశాడు.

"ఒక్క మాట నన్నడిగావా?" అంది ఆమె.

"అడిగితే వద్దంటావు."

"అయితే ఎల్లు. టేసన్‌కి మాత్రం నేను రాను."

అప్పటి నుంచి వాళ్ళ మధ్య ఉప్పూ పప్పూ మాటలే. ఈ పొద్దున ఆమె చీకటితోనే లేచి పులిహోర కలిపి, ఎండురొయ్యలు వేయించి, డబ్బాలో సర్ది పొయ్యిగట్టు మీద పెట్టింది. గోడవైపు తిరిగి పడుకున్న అతను నిద్రపోవడం లేదని ఊపిరి బట్టే తెలుస్తోంది. లేపలేదు. పక్కవాటాలో ఉండే రాణిని పిలిచి, డబ్బా ఉందని చెప్పమని చెప్పి, బండి తీసుకుని వచ్చేసింది.

మొదటిది నర్సింగ్ హోమ్‌కి. ఆఫీసువాళ్ళెవరో కొత్త బాలింతకి పంపిన గులాబీరంగు బొకే. లిఫ్టు కోసం నిలబడలేక మెట్లెక్కింది. గదిలో బాలింత ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకున్న అమ్మమ్మ లేవలేక, బొకే ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. సత్యవాణే నీళ్ళసీసా పక్కన చోటు చేసి పెట్టింది. ఫొటో తీయబోతే అమ్మమ్మ బిడ్డ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి, దిష్టి తగులుతుందమ్మా, నన్నొక్కదాన్నే తియ్యి అంది. తీసింది. మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. కూతురు చిన్ని. కాకినాడలో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటోంది.

"అమ్మా, నాన్న టేసన్‌కి ఒక్కడే వెళ్తాడా?"

"పెద్దాడే కదా. దారి తెలుసు."

అవతల చిన్ని, "నీకు తెలుసులే," అని పెట్టేసింది. ఏం తెలుసో చెప్పలేదు. సత్యవాణి ఫోను జేబులో వేసుకోబోయి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ వేసుకుంది.

తర్వాత కోరుకొండ రోడ్డులో కొత్త అపార్టుమెంటు. గృహప్రవేశం. మనిషి నడుమెత్తున్న తాటిజాతి మొక్కలు, మెరిసే తెల్లకుండీలు. లిఫ్టు ఇంకా పెట్టలేదు. ఒక్కొక్కదాన్నే పొత్తికడుపుకి ఆనించుకుని పైకి మోసింది. లోపల పాలు పొంగబోతున్నాయి, కాసేపు గుమ్మం బయటే ఆగమన్నారు. కుండీ దించకుండా అలాగే నిలబడింది. పాలు పొంగాయి. అందరూ ఒక్కసారి కదిలారు. ఇంటావిడ ఎదురొచ్చి, కూర్చుని ప్రసాదం తిని వెళ్ళమంది. ఆవిడ మంచి మనిషి, చెయ్యి పట్టుకుంది కూడా. సత్యవాణి ఆకులో పెట్టిన పరమాన్నం నిలబడే రెండు ముద్దల్లో మింగి, చెయ్యి కడుక్కోకుండా కొంగుకి తుడుచుకుని దిగిపోయింది. కూర్చుంటే ఇక లేవలేనేమోనని ఎందుకో భయం వేసింది.

మూడోది ఇన్నీసుపేటకి. నందివర్ధనం మొక్క, ఎర్రమట్టి కుండీలో. దాని గురించి చంద్రరావు పొద్దున చెబుతూ నవ్వాడు. పంపేదీ పుచ్చుకునేదీ ఒకే ఇంట్లోవాళ్ళు. వెంకటసుబ్బారావు గారు మేడ మీద, ఆయన భార్య మీనాకుమారి గారు కింద. మెయిన్‌బజారులో వాళ్ళది తాతలనాటి ఇత్తడి సామాన్ల కొట్టు. మొన్న వేసవిలో ఆయన అమ్మేశాడు. అప్పటి నుంచి మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. కంచం మేడ మీదికి వెళుతుంది, ఖాళీగా కిందికి వస్తుంది.

మీనాకుమారి గారు గుమ్మానికి పసుపు రాస్తూ ఉంది. ఎర్రంచు పసుప్పచ్చ చీర, తడిజుట్టుకి ముడి. మొక్కని చూసి ముఖం విప్పారింది.

"ఎవరు పంపారమ్మా?"

"వెంకటసుబ్బారావు గారండి."

"ఏ వెంకటసుబ్బారావు గారు?"

సత్యవాణి ఫోను తీసి అడ్రసు చదవబోయింది. అంతలో మేడ మీద ఎవరో దగ్గారు. ఆవిడ పైకి చూసి, పసుపుగిన్నె కింద పెట్టింది. ఆ ముఖంలో వెలుగు ఎటు పోయిందో తెలియదు.

"ఆయన కాళ్ళకేమైంది? దిగి ఇవ్వమను. ముప్పై ఏళ్ళు ఆ కొట్లో గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చున్నాను. అమ్మేటప్పుడు నన్నొక్క మాట అడగలేదమ్మా. బేరం కుదిరిందని ఎదురింటావిడ చెబితే తెలిసింది నాకు. ఇప్పుడు డబ్బులిచ్చి మొక్క పంపిస్తే సరిపోతుందా? తీసుకుపో."

తలుపు వేయలేదు. మళ్ళీ గుమ్మం ముందు కూర్చుని పసుపు రాయడం మొదలుపెట్టింది. సత్యవాణి కుండీ ఎత్తుకుని నిలబడిపోయింది. నన్నొక్క మాట అడగలేదు. తన నోట్లో మాట వేరే మనిషి నోట్లోంచి వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. పొయ్యిగట్టు మీద పెట్టి, రాణితో చెప్పించిన డబ్బా గుర్తుకొచ్చింది. తానూ పంపించింది, చేత్తో ఇవ్వలేదు. మొక్కని తిరిగి బండిలో పెట్టింది.

మధ్యాహ్నం జల్లు పడి ఆగింది. కొట్టు దగ్గర బండికి కాసేపు చార్జింగు పెట్టి, మళ్ళీ సరుకు ఎక్కించి, వరసగా ఇళ్ళు తిరిగింది. దండలు, తామరలు, కలశాల మీదికి కొబ్బరి పువ్వు. ముత్తయిదువలు వాయనం ఇస్తామంటే మళ్ళీ వస్తానంది. ఒకచోట ఒక ఇంటి పూలు ఇంకో ఇంట్లో ఇచ్చేసి, సగం వీధి వెళ్ళాక గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ అలా జరగలేదు. ఒళ్ళంతా చెమట, వాన తడి కలిసిపోయి చిరాకు. ఎక్కడ ఆగినా కాలు నేల మీద ఆడుతూనే ఉంది.

రేవు వైపు ఒక డెలివరీ ఉంది. ఇచ్చేసి వస్తూ, ఇటు తిప్పాల్సిన హ్యాండిల్ అటు తిప్పింది. తమ సందు మొదట్లో బండి ఆపింది. అక్కణ్ణించి గది తలుపు కనిపిస్తుంది. తెరిచే ఉంది. గుమ్మంలో అతని సంచి, జిప్పు బిగించి సిద్ధంగా ఉంది. లోపల అతను అటూ ఇటూ నడుస్తున్నాడు. గోడ దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాడు. కేకేస్తే వినబడే దూరం. ఆమె పిలవలేదు. వెళితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ఎల్లొద్దు అనాలి, లేదా ఎల్లిరా అనాలి. సందు చివర గోదారి వరదనీటితో ఎర్రగా, గట్టును ఒరుసుకుంటూ పోతోంది. బండి వెనక్కి తిప్పింది.

తిప్పినందుకు సాయంత్రం దాకా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

పొద్దు వాలుతుండగా చంద్రరావు ఫోను. మేడ మీద పెద్దాయన పొద్దుటి నుంచి చంపేస్తున్నాడనీ, ఆ నందివర్ధనం ఇంకోసారి ఇచ్చి చూడమంటున్నాడనీ చెప్పాడు. దాంతో పాటు బండిలో మిగిలిన పెద్ద బొకే. ఉదయభాస్కర్ గారని ఎవరో ఇంజనీరు రిటైరవుతున్నాడు, స్టేషన్ దగ్గరి హాల్లో సన్మానం. రెండూ ఇచ్చేస్తే ఇవాళ్టికి అయిపోయినట్టే.

స్టేషన్ దగ్గర అన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి.

ఇన్నీసుపేట చేరి, ఈసారి గుమ్మం వైపు చూడకుండా పక్కనున్న మెట్లెక్కి నేరుగా మేడ మీదికి వెళ్ళింది. వెంకటసుబ్బారావు గారు బనీనుతో పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. బక్కమనిషి. నుదుటి మీద ఉదయం పెట్టుకున్న బొట్టు చెమటకి కరిగి కిందికి జారింది. ఆమెనీ కుండీనీ చూసి లేచి నిలబడ్డాడు.

"తీసుకోలేదామ్మా?"

"లేదండి."

"పొద్దున కోపంగా ఉంటుంది. సాయంత్రానికి చల్లబడుతుంది. ఇంకోసారి ఇచ్చి చూడమ్మా. నేనిచ్చానని చెప్పకు పోనీ. గుడివాళ్ళు ఇచ్చారని చెప్పు."

మరో రోజైతే సరేనండి అనేది. ఇలాంటివి ఎన్ని చూడలేదు. కానీ ఆ క్షణాన దూరంగా ఎక్కడో రైలు కూత వినబడింది. గూడ్సు బండే కావచ్చు. ఆమె రెండడుగులు ముందుకేసి, కుండీని ఆయన చేతుల్లో పెట్టేసింది. బరువుకి ఆయన కాస్త వంగాడు.

"నాకు టైము లేదండి. నేనూ ఒకచోటికెళ్ళాలి. మీరే దిగి ఇవ్వండి."

అన్నాకగానీ ఆ మాట ఆమెకే వినబడలేదు. ఎక్కడికో వెళ్ళాలని తనకి అప్పుడే తెలిసింది.

"ఏమని ఇవ్వను?" అన్నాడాయన. గొంతు నీరసంగా ఉంది. "అమ్మేశాక ఇంకేం అడుగుతాను?"

"అమ్మేశాక కూడా అడగొచ్చండి," అంది సత్యవాణి.

మెట్లు దిగుతుంటే వెనక నెమ్మదిగా చెప్పుల చప్పుడు. ఒక మెట్టు, ఆగి ఇంకో మెట్టు. తిరిగి చూడలేదు. బండి తిప్పుకునేటప్పుడు మాత్రం, తడిచేతులు తుడుచుకుంటూ మీనాకుమారి గారు గుమ్మంలోకి రావడం కనిపించింది. ఆ తర్వాత ఏమైందో ఆమె చూడలేదు. ఫొటో తీయలేదు.

స్టేషన్ ముందు బండి ఎక్కడ పెట్టిందో, ఎవరు తిట్టారో తెలియదు. జనాన్ని భుజాలతో తోసుకుంటూ వంతెన ఎక్కి, దిగి, ప్లాట్‌ఫారం మీద ఈ కొస నుంచి వెతుక్కుంటూ పోయింది. దూరాన నీళ్ళకుళాయి దగ్గర ఒక గుంపు కనబడింది. సంచులు, ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పటి చుట్టలు. అంతా ఆ రైలు సామర్లకోటలో ఆగదని ఇక్కడికొచ్చిన కాకినాడ వైపు మనుషులు. మధ్యలో లోవరాజు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బోటు మీద నిలబడినట్టు కాళ్ళు ఎడంగా వేసి నిలబడి, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అతనూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆమె చూసి చాలా కాలమైంది. పెళ్ళయిన కొత్తల్లో, వేట నుంచి వచ్చి హార్బర్ గట్టు మీద చేపలబుట్ట దించుతూ నవ్వేవాడు అలాగ. ఒక స్తంభం పక్కన ఆగిపోయి ఆమె చూస్తూ నిలబడింది. పొద్దున కొట్టు దగ్గర బయల్దేరినప్పటి నుంచి మొదటిసారి కాళ్ళు ఆగాయి.

అతను తల తిప్పి ఆమెని చూశాడు. నవ్వు ఆగింది. ముఖం మీదికి ఇంట్లో ఉండే ముఖం వచ్చేసింది, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా. ఆ మార్పు ఆమెకి చురుక్కున తగిలింది.

గుంపులోంచి బయటికొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. పక్కనే హాల్లో పూలివ్వాలి, అందుకని ఇటొచ్చాను అంది. అతను తల ఊపాడు. డబ్బా తీసుకున్నావా అని అడిగింది. తీసుకున్నానన్నాడు, రాణి చెప్పిందన్నాడు. అంతలో సామర్లకోట వైపు నుంచి బండి కూసుకుంటూ వచ్చేసింది. ప్లాట్‌ఫారం అంతా లేచి నిలబడింది. రాముడు కేకలేస్తూ మనుషుల్ని పెట్టెలోకి ఎక్కిస్తున్నాడు. లోవరాజు కదల్లేదు. సంచి భుజాన వేసుకుని, ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

"సత్యా. ఆ రోజు నిన్ను అడగలేదు. తప్పే. ఇప్పుడడుగుతున్నాను. ఎల్లమంటే ఎల్తాను. వద్దన్నావంటే ఈ సంచితోనే నీ బండెక్కి ఇంటికొచ్చేస్తాను. రాముడికి నేను చెప్పుకుంటాను."

ఉత్తినే అనడం లేదు. ఆమెకి తెలుసు. అతనికి ఉత్తిమాటలు రావు. సంచి భుజాన ఉన్నా, కాలు రైలు వైపు లేదు, ఆమె వైపే ఉంది. వద్దు అన్న ఒక్క మాట చాలు. పొద్దుటి నుంచి, కాదు, వారం రోజుల నుంచి ఆ మాట ఆమె నాలుక కొసనే ఉంది. అనేస్తే ఇవాళ రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వేడన్నం తింటారు. తిన్నాక అతను లేచి గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి సందులోకి నడుస్తాడు. రేపూ నడుస్తాడు. ఎప్పుడూ ఒక్కమాట అనడు.

"ఎక్కు," అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఎక్కువసేపు ఆగదు బండి."

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. విన్నది నిజమేనా అన్నట్టు ఆమెని చూస్తున్నాడు.

"దుప్పటి పెట్టుకున్నావా? అక్కడ చలికాలం బాగా చలంట."

"పెట్టుకున్నాను."

"అయితే ఎక్కు."

చెయ్యి చాచి ఆమె భుజం మీద వేశాడు, అందరిలోనూ. ఎప్పుడూ అలా చేసిన మనిషి కాదు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి తేలికైంది. పరిగెత్తాడు. తలుపు దగ్గర రాముడు అతని మోచెయ్యి పట్టి లాగాడు. బండి కదిలింది. తలుపులో నిలబడిన లోవరాజు చెయ్యి ఊపలేదు, కేకెయ్యలేదు. కమ్మీ పట్టుకుని, ముందుకు వంగి, కనబడినంతసేపూ ఆమెనే చూస్తూ వెళ్ళిపోయాడు. చివరి పెట్టె దాటిపోయాక కాసేపటికి, గోదారి మీద వంతెన ఎక్కిన చప్పుడు వచ్చింది. నీళ్ళ మీద రైలు చప్పుడు వేరుగా ఉంటుంది. అది పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె కదల్లేదు.

ఫోను జేబులో మోగుతూనే ఉంది. చంద్రరావు. బొకే సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

హాల్లో ఉపన్యాసాలు అయిపోయి ఫలహారాలు పంచుతున్నారు. ఇంత ఆలస్యమా అని ఒకతను విసుక్కున్నాడు. క్షమించండి అంది. ఉదయభాస్కర్ గారు మెడనిండా దండలతో, ఉక్కపోతతో కుర్చీలో చేరబడి ఉన్నాడు. ఆమె బొకే అందిస్తే, లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. రేపటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో తెలియడం లేదమ్మా అన్నాడు, ఎవరికో చెప్పాల్సిన మాట ఆమెతో చెప్పినట్టు. ఒకసారి నవ్వండి సార్, ఫొటో అంది. ఆయన నవ్వాడు. ఫొటో కాస్త కదిలిపోయింది. అదే పంపింది.

ఇంటికొచ్చేసరికి సందెచీకట్లు పడుతున్నాయి. రేవులో గుడిగంట మోగుతోంది. సందులో అన్ని గుమ్మాల్లోనూ దీపాలు పెట్టారు. రాణి శనగలు పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది. వెళ్ళాడా అని అడిగింది.

"ఎల్లాడు," అంది సత్యవాణి.

"ఏడ్చావా?"

"లేదు."

రాణి వెళ్ళిపోయింది. సత్యవాణి బండిని వసారా పక్కకి తోసి, చార్జింగు వైరు తగిలించి, ఎర్రదీపం వెలిగేదాకా చూసింది. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించింది. గది చిమ్మి ఉంది. బిందెల నిండా నీళ్ళున్నాయి. ఒక కంచం, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి. అన్నం వండుకోవాలి. ఒక్కరికి ఎంత బియ్యం పొయ్యాలో తోచక డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళింది.

తీగ మీద అతని నీలంగళ్ళ లుంగీ ఆరేసి ఉంది. వెళ్ళే ముందు ఉతుక్కుని, ఆరేదాకా ఆగలేక, అలాగే వదిలి వెళ్ళాడు. జల్లుకి మళ్ళీ తడిసినట్టుంది. పైన ఆరింది, కింది అంచు మాత్రం ఇంకా బరువుగా తడిగా ఉంది. ఏటిగాలికి ఎగిరిపోకుండా రెండు కొసలూ తీగకి ముడేశాడు. విప్పుదామని చూసింది. బోట్ల మీద వేసే ముడి అది, లాగినకొద్దీ బిగుసుకుంటుంది. గోళ్ళు ఆనించి కాసేపు తంటాలు పడింది. తర్వాత వదిలేసి, తడి అంచుని ఒకసారి పిండి, మడతలు లేకుండా సాపు చేసింది. లుంగీ అంచు నుంచి ఒక్కో చుక్క నీళ్ళు కింద బండ మీద పడుతూ ఉన్నాయి.